కొర్రమీనుకు రబ్బరు కప్ప సరే, రాడ్ ఏది?

చెరువు కట్ట మీద కలిసే కొత్త కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: “అన్నా, కొర్రమీను కప్పను కొడుతోంది. నీళ్లు గుప్పున లేస్తున్నాయి. కానీ ఒక్కటీ పడట్లేదు. గాలం మార్చాలా?” వాళ్లు కట్టిన రబ్బరు కప్ప, అంటే కప్ప ఆకారంలో చేసిన ఎర, తీసుకుని చూస్తాను. గాలాలు పదునుగానే ఉంటాయి. దారమూ బాగానే ఉంటుంది. రాడ్ వాళ్ల చేతిలోనే ఉంచి, దారం కొస పట్టుకుని కొంచెం బలంగా లాగుతాను. రాడ్ పిడి దాకా విల్లులా వంగిపోతుంది. సంగతి అక్కడే తెలిసిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు బాధ పడేవాళ్లూ ఉన్నారు. “మంచి గట్టి రాడ్ కొన్నా అన్నా, కానీ కప్ప ముందుకు పోవట్లేదు, కాళ్ల ముందే పడుతోంది” అంటారు. అమెరికాలో బాస్ చేపలు పట్టే వీడియోలు చూసి కొన్న రాడ్ అది. ఇరవై, ముప్పై గ్రాముల ఎరలు విసరడానికి చేసిన కర్రకు ఆరు గ్రాముల కప్పను కట్టి విసురుతుంటారు.

నేను ఈ రెండు తప్పులూ చేశాను, ఇదే వరసలో. మొదటి రాడ్ మెత్తదై చేపలు పోగొట్టుకున్నాను. ఆ ఉక్రోషంతో దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టిది కొన్నాను. ఒక వానాకాలమంతా భుజం నొప్పి తప్ప చేతికి ఏమీ రాలేదు. అప్పుడు గానీ అర్థం కాలేదు, రెండుసార్లూ నేను చేపనే మనసులో పెట్టుకుని కొన్నానని. “ఐదు కిలోల చేప వచ్చినా విరగొద్దు” అన్నది దుకాణంలో మనందరి మొదటి మాట. కొర్రమీను ఎంత పెద్దదైనా, ముందు దాని దగ్గరికి వెళ్లాల్సింది కప్ప. అందుకని కప్పతోనే మొదలుపెడదాం.

బోలు కప్ప లోపల ఏముంది

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. ఆంధ్ర వైపు కొరమీను అంటారు. ఇది మొప్పలతో పాటు పైకి వచ్చి గాలి కూడా పీల్చుకునే చేప. అంగట్లో తొట్టిలో ప్రాణంతో అమ్మగలిగేది అందుకే. మిగతా చేపలకు ఊపిరాడని చోట కూడా ఇది హాయిగా బతుకుతుంది. చెరువు శిఖంలో మోకాలి లోతు నీళ్లు, గుర్రపు డెక్క, తామరాకులు, తూటికాడ, జమ్ము ఉన్నచోటే దాని కాపురం. ఆకుల కింద కదలకుండా ఉండి, పైన కప్ప కదిలితే ఒక్క ఉదుటున కొడుతుంది. ఆ ఆకుల మీద మామూలు గాలం వేస్తే రెండడుగులు కూడా లాగలేం, ఏదో ఒక తీగకు తగులుకుంటుంది. ఈ చిక్కు తీర్చడానికే బోలు కప్ప వచ్చింది.

ఒక కప్పను చేతిలోకి తీసుకోండి. మెత్తటి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల గాలి తప్ప ఏమీ లేదు. ముక్కు దగ్గర దారం కట్టే రింగు, వెనక కాళ్లకు బదులు రబ్బరు కుచ్చులు. పొట్ట కింద చిన్న బరువు ఉంటుంది. అది ఉన్నందుకే కప్ప ఎలా పడినా కడుపు కిందికి, వీపు పైకి ఉండేలా సర్దుకుంటుంది. వీపుకు రెండు వైపులా రెండు కొక్కేలు ఒళ్లును కరుచుకుని పడుకుని ఉంటాయి. ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. వీపు కుంగుతుంది, దాక్కున్న రెండు మొనలూ పైకి లేస్తాయి. వేళ్లు వదలగానే ఒళ్లు ఉబ్బి మొనలు మళ్లీ దాక్కుంటాయి.

చేప నోట్లోనూ ఇదే జరగాలి. ఆకులకు తగలకూడదని దాచిన మొనలు చేపకు మాత్రం తగలాలి. చేప దవడలతో కప్పను నొక్కి పట్టాలి. ఆ పట్టులో ఉండగా మనం లాగిన లాగుడికి కప్ప ఒళ్లు అణగాలి. ఆ తర్వాత లావుపాటి కొక్కేలు కొర్రమీను గట్టి నోట్లో దిగాలి. సన్నటి మూడు కొక్కేల ఎరకైతే చేప తల విదిలిస్తే చాలు, ఏదో ఒక మొన గుచ్చుకుంటుంది. కప్పకు ఆ సదుపాయం లేదు. పదిహేను, ఇరవై గజాల దూరం నుంచి, దారంలో ఉన్న వదులంతా గుంజుకుని, ఇంకా మిగిలిన బలం చేప నోటి దాకా చేరాలి. మెత్తటి రాడ్‌తో గుంజితే ఆ బలంలో చాలా భాగం రాడ్ వంగడానికే ఖర్చైపోతుంది. చేప దగ్గరికి చేరేది ఒక చిన్న లాగుడు మాత్రమే. అది నోరు తెరిచి కప్పను ఉమ్మేస్తుంది.

కప్పలన్నీ ఒకే మెత్తదనంలో రావని కూడా ఇక్కడే చెప్పాలి. కొన్నిటిని నొక్కితే కొత్త టెన్నిస్ బంతిలా ఉంటాయి. అలాంటి కప్పకు ఎంత మంచి రాడ్ అయినా సాయం చేయలేదు. వేలితో తేలిగ్గా కుంగే కప్పను కొనండి. కొక్కేలు మరీ ఒళ్లును అంటిపెట్టుకుని ఉంటే పట్టకారుతో ఒక్క వెంట్రుక వాసి బయటికి వంచండి. ఎక్కువ వంచితే నాచంతా దానికే చుట్టుకుంటుంది. రాడ్ మార్చే ముందు ఈ పని చేసి చూడమని నేను అందరికీ చెబుతాను.

వెదురు కర్రకు లేని కష్టం

మన ఊళ్లలో కొర్రమీనుకు గాలం వేసేవాళ్లకు కప్ప ఎర కొత్త కాదు. పొడుగాటి వెదురు కర్ర, లావుపాటి తంగూసు, గాలానికి బతికున్న కప్ప. ఆకుల మధ్య నీళ్లు కనిపించే సందులో కప్పను ముంచి తేల్చి ఆడిస్తారు. చేప పట్టగానే నిలువునా పైకి ఎత్తేస్తారు. ఆ కర్రను గమనిస్తే మొదట్లో మణికట్టంత లావు, కొన సన్నం. కొన కప్పను ఆడించడానికి పనికొస్తుంది, మొదలు చేపను ఎత్తడానికి. ప్రకృతి అలా పెంచింది, మనవాళ్లు అలాంటిదాన్నే ఏరి కోసుకున్నారు.

మా ఊళ్లో ఒక పెద్దాయన నా కొత్త రాడ్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఊపి చూసి, “కొన తెల్వాలె బిడ్డా, మొదలు తెల్వొద్దు” అన్నాడు. కొనలో కప్ప కదలిక తెలియాలి, మొదలు మాత్రం కదిలినట్టు తెలియకూడదు. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఇంత సూటిగా చెప్పగా నేను చూడలేదు.

అయితే వెదురు కర్ర ఎర విసరదు. కప్ప కర్ర కిందే వేలాడుతుంది. దారం చుట్టే రీల్ ఉన్న రాడ్‌కు అదనంగా విసిరే పని కూడా పడింది. చిక్కంతా అక్కడే వచ్చింది. విసరాలంటే కప్ప బరువుకు రాడ్ వంగాలి. వంగిన కర్ర తిరిగి నిటారుగా లేచే ఊపే కప్పను ముందుకు పంపుతుంది. కప్ప తేలికదైతే రాడ్ కూడా మెత్తగా ఉండాలి. గుచ్చాలంటేనేమో రాడ్ గట్టిగా ఉండాలి. గుచ్చాక చేపను ఆకుల మీదుగా లాక్కొచ్చేటప్పుడు ఇంకా గట్టిగా ఉండాలి. ఒకే కర్రను ఒకేసారి మెత్తగానూ గట్టిగానూ ఉండమంటున్నాం.

పవర్ వేరు, యాక్షన్ వేరు

రాడ్ మీద పిడికి కాస్త పైన చిన్న అక్షరాలతో రాసి ఉండే రెండు మాటలు ఈ చిక్కును విడదీస్తాయి. ఆ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది మోసపోతున్నారు. దుకాణాల్లో అమ్మేవాళ్లు కూడా కలిపేస్తుంటారు.

పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలన్నది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాస్తారు. యాక్షన్ అంటే వంపు ఎక్కడిదాకా వస్తుందన్నది. కొన వైపు మూడో వంతు మాత్రమే వంగి అక్కడితో ఆగితే ఫాస్ట్. సగం దాకా వంగితే మోడరేట్. పిడి దాకా వంగితే స్లో. ఫాస్ట్ అని రాసి ఉంటే చేపను వేగంగా లాగుతుందని కొందరు అనుకుంటారు. దానికీ లాగుడు వేగానికీ సంబంధం లేదు. హెవీ రాడ్ కూడా స్లోగా ఉండొచ్చు, లైట్ రాడ్ కూడా ఫాస్ట్‌గా ఉండొచ్చు.

ఇంట్లోనో దుకాణంలోనో దీన్ని కళ్లారా చూడొచ్చు. రాడ్‌కు రీల్ బిగించి, దారం రింగులన్నిట్లోంచీ తీసి, అర లీటరు నీళ్ల సీసా కట్టండి. అది అర కిలో బరువు. పక్కన ఒకరు పిడిని బల్ల మీద అడ్డంగా అదిమి పట్టుకోవాలి. మీరు కొంచెం దూరం నుంచి పక్కవాటుగా చూడండి. కొన ఎంత కిందికి దిగిందన్నది పవర్ చెబుతుంది. కర్ర ఎక్కడి నుంచి తిన్నగా ఉందన్నది యాక్షన్ చెబుతుంది. రెండు రాడ్లను ఒకదాని తర్వాత ఒకటి ఇలా చూస్తే, ఆ తర్వాత మీకు ఎవరూ పవర్‌కూ యాక్షన్‌కూ తేడా వివరించనక్కర్లేదు. నేను కొత్త రాడ్ కొనేముందు ఇప్పటికీ సీసా కట్టి చూస్తాను. అమ్మేవాళ్లు విసుక్కుంటే ఆ రాడ్ అక్కడే వదిలేసి వస్తాను.

కప్పకు కావలసింది మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. కొన మూడో వంతు తేలిక కప్పను మోయగలదు, ఆడించగలదు. మిగతా రెండు వంతులూ గుంజినప్పుడు వంగనని మొండికేస్తాయి. పెద్దాయన చెప్పిన మాట ఇదే. ఎక్స్‌ట్రా ఫాస్ట్ అని ఇంకోటి ఉంటుంది, వంపు చివరి నాలుగో వంతులోనే ఆగిపోతుంది. బరువైన కప్పలకు అది బాగుంటుంది గానీ, మన దగ్గర ఎక్కువమంది వాడే చిన్న కప్పలకు ఆ కాస్త కొన చాలదు, విసురు పొడిపొడిగా వస్తుంది.

మన కప్ప బరువు ఎంత

ఇక్కడే అమెరికా వీడియోలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. అక్కడ బాస్ చేపకు వాడే కప్పలు చాలావరకు అర ఔన్సు, అంతకు పైన. అర ఔన్సంటే 14 గ్రాములు. వాటికి తోడు దళసరి నాచు చాపలు, 65 పౌన్ల బరువు ఆపే దారం, హెవీ రాడ్. ఆ లెక్కకు ఆ రాడ్ సరిగ్గా సరిపోతుంది. మన చెరువుల్లో కిలో, రెండు కిలోల కొర్రమీను కోసం వాడే కప్పల్లో 5 నుంచి 12 గ్రాముల లోపువే ఎక్కువ. చిన్న కప్పను చిన్న చేప కూడా పూర్తిగా నోట్లో పెట్టుకోగలదు, అందుకే గుచ్చుకునే అవకాశం పెరుగుతుంది. ఈ మంచి ఎంపికను పాడుచేసేది దానికి సరిపోని రాడ్.

రాడ్ మీద ఎర బరువు హద్దులు రాసి ఉంటాయి, 7–21 గ్రాములనో 10–30 గ్రాములనో. కొన్నిటి మీద ఔన్సుల్లో ఉంటుంది. ఒక ఔన్సు 28 గ్రాములని, పావు ఔన్సు 7 గ్రాములని గుర్తుంటే చాలు. ఈ హద్దుల్లో కింది అంకెను నమ్ముకుని కొనకండి. 7 అని రాసిన రాడ్ 7 గ్రాములను విసురుతుంది నిజమే, కానీ ఇష్టంగా విసరదు. హద్దుల మధ్యలో మీ కప్ప బరువు పడాలి. 10 గ్రాముల కప్ప ఎక్కువగా వాడతారా, 5–18 లేదా 7–21 రాసిన మీడియం హెవీ చూడండి. కప్పను వంటింటి కాటా మీద పెట్టి తూచండి కూడా. డబ్బా మీద రాసిందీ కాటా చూపేదీ ఒకటి కాకపోవచ్చు. పైగా కాసేపు ఆడించాక కప్ప లోపలికి నీళ్లు చేరి బరువు పెరుగుతుంది. మధ్యమధ్య పిండుతూ ఉండాలి.

ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ మీడియంలా ఉండటం మామూలే. పవర్ పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. అందుకే నేను పేరు కన్నా గ్రాముల అంకెను ఎక్కువ నమ్ముతాను, గ్రాముల అంకె కన్నా నీళ్ల సీసాను ఎక్కువ నమ్ముతాను.

పొడవు, చేతి మీద భారం

రాడ్ ఎంత పొడవైతే అంత మంచిదన్న అభిప్రాయం ఒకటుంది. కొంతవరకు నిజమే. కప్ప వేటలో గుంజడమంటే దారాన్ని ఒక్క ఊపులో ఎన్ని అడుగులు వెనక్కి లాగగలమన్నదే. పావు చుట్టు తిప్పినప్పుడు ఆరడుగుల కర్ర కొన మొదలైన చోటి నుంచి ఎనిమిదిన్నర అడుగుల దూరం జరుగుతుంది. ఏడడుగుల కర్ర కొన దాదాపు పది అడుగులు జరుగుతుంది. వంపు వల్ల ఇందులో కొంత పోతుంది గానీ, ఆ అడుగున్నర తేడా దారంలోని వదులును మింగేయడానికి బాగా పనికొస్తుంది. రాతి కట్ట మీద నిలబడి విసిరేవాళ్లకు, ఒడ్డున ఉన్న జమ్ము మీదుగా దారాన్ని ఎత్తి పట్టాల్సినవాళ్లకు పొడవు ఇంకా అవసరం.

కానీ రాడ్ ఒక మీట. గునపంతో బండను లేపేటప్పుడు పొడుగు చివర మన చేతిలో ఉంటుంది. రాడ్‌లో పొడుగు చివర చేప చేతిలో ఉంటుంది. ఏడడుగుల రాడ్ మొదలును మోచేతికి ఆనించి, అక్కడికి అడుగు ముందు రీల్ దగ్గర పట్టుకున్నారనుకోండి. రాడ్ వంగకుండా నిటారుగా ఉండగా, కొన దగ్గర చేప రెండు కిలోల బలంతో అడ్డంగా లాగితే మీ చేతి మీద పడే భారం పద్నాలుగు కిలోలు. కర్ర వంగి కొన మీకు దగ్గరైన కొద్దీ ఈ భారం తగ్గుతుంది. మెత్తటి రాడ్‌తో చేపను ఆడించడం హాయిగా అనిపించేది అందుకే. గట్టి రాడ్‌తో గంటలోనే మణికట్టు పీకేసేదీ అందుకే. పొడవూ గట్టిదనమూ రెండూ పెంచుకుంటూ పోతే ఆ బరువు మోసేది మన చెయ్యే.

మామూలు ఎత్తున్న మనిషికి, కట్ట మీద నిలబడి వేసేవాళ్లకు 6 అడుగుల 10 అంగుళాల నుంచి 7 అడుగుల దాకా సరిపోతుంది. శిఖంలో నల్లతుమ్మల మధ్య దూరి వేసేవాళ్లకు, డెల్టా కాలువల గట్టున చెట్ల కింద నుంచి అవతలి ఒడ్డు తూటికాడ పక్కకు గురి చూసి వేసేవాళ్లకు 6 అడుగుల 6 అంగుళాలు మేలు. అక్కడ దూరం కన్నా గురి ముఖ్యం. పై నుంచి విసరడానికి చోటుండదు, కింది నుంచి ఉయ్యాలలా ఊపి వదలాలి. రాడ్ పొడవైతే కొన నీళ్లకో గడ్డికో తగులుతుంది.

పిడి పొడవు కూడా చూసుకోండి. కప్పను కుడికీ ఎడమకీ నడిపించాలంటే కొనను నీళ్ల వైపు దించి మణికట్టుతో చిన్నచిన్న తట్లు ఇవ్వాలి. రీల్ వెనక పిడి మరీ పొడవుగా ఉంటే ప్రతి తట్టుకూ ముంజేతికి కొట్టుకుంటుంది. దుకాణంలోనే రీల్ పెట్టించుకుని, కొన దించి పది తట్లు ఇచ్చి చూడండి. చెయ్యే చెబుతుంది.

స్పిన్నింగా, బెయిట్‌కాస్టింగా

ఇందులో పెద్ద వాదన అవసరం లేదు. 8 గ్రాముల లోపు కప్పలే ఎక్కువ వాడితే స్పిన్నింగ్ రాడ్ కొనండి. రీల్ కింద వేలాడేది, మొదటి రింగు పెద్దగా ఉండేది అదే. తేలిక ఎర దానితో సాఫీగా పోతుంది, దారం అంతగా చిక్కుపడదు. 10 గ్రాములు దాటిన కప్పలకు బెయిట్‌కాస్టింగ్ రాడ్ చాలా బాగుంటుంది. రీల్ పైన కూర్చుంటుంది, బొటనవేలితో దారాన్ని ఆపి కప్పను అనుకున్న ఆకు పక్కనే దించొచ్చు. కానీ నేర్చుకోవాలి. మొదటి వారాల్లో రీల్‌లో దారం పిచ్చుక గూడులా చుట్టుకుంటుంది, అప్పుడు టెన్షన్ పడొద్దు. రెండు రకాల రాడ్ల రింగుల అమరిక వేరు, కాబట్టి ఒకదాని రీల్ ఇంకోదానికి బిగించి వాడకండి.

దారం గురించి ఒక మాట చెప్పకుండా రాడ్ సంగతి పూర్తి కాదు. నైలాన్ తంగూసు బాగా సాగుతుంది. రాడ్ మంచిదైనా తంగూసుతో కప్ప ఆడితే గుంజిన గుంజుడంతా ఆ సాగుడులోనే పోతుంది. అల్లిన దారం, అంటే బ్రెయిడ్, దాదాపు సాగదు. నీళ్ల మీద తేలుతుంది, ఆకు కాడలను రంపంలా కోస్తుంది. మన వేటకు 30 నుంచి 50 పౌన్ల బ్రెయిడ్ చాలు. 40 పౌన్లంటే 18 కిలోలు. ఆ దారం లావు సుమారు 10 పౌన్ల తంగూసు లావే. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. రాడ్ మీద దారం హద్దు 10–20 పౌన్లని రాసి ఉండగా మీరు 40 పౌన్ల బ్రెయిడ్ వేస్తే, అన్నిటికన్నా బలహీనమైనది రాడే అవుతుంది. కప్ప మొద్దుకు తగులుకున్నప్పుడు రాడ్‌ను పైకెత్తి గుంజితే తెగేది దారం కాదు, విరిగేది రాడ్. అలాంటప్పుడు కొనను సూటిగా కప్ప వైపు తిప్పి, దారాన్ని గుడ్డలో చుట్టి పట్టుకుని వెనక్కి నడవాలి. చేపను ఒడ్డుకు తెచ్చాక రాడ్‌ను తల మీదుగా నిలువునా ఎత్తడం కూడా కొనను విరిచే పనే.

బ్రెయిడ్ వాడతాం కాబట్టి రింగులు చూసి కొనాలి. లోపల పింగాణీ లాంటి గట్టి వలయం బిగించిన రింగులు ఉండాలి. ఉత్తి మెరుగు పెట్టిన లోహపు రింగుల్లో బ్రెయిడ్ కొన్నాళ్లకే గాడి తీస్తుంది, ఆ గాడి దారాన్ని పీచులు చేస్తుంది. చిన్న దూది ముక్కను ప్రతి రింగులోనూ తిప్పి చూడండి. ఎక్కడైనా పీచు పట్టుకుంటే అక్కడ గరుకు ఉందని అర్థం.

గుర్రపు డెక్కలో తల దూర్చిన చేపను లాగేటప్పుడు మాత్రం ఇవన్నీ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. కప్ప మాయమైంది. వెంటనే గుంజకూడదు. ఒకటి, రెండు అని మనసులో అనుకుంటూ కొనను చేప వైపు దించి, వదులు చుట్టేసి, దారం బిగిసిందని చేతికి తెలిశాక ఒక్కసారిగా గుంజాలి. ఆ మరుక్షణం నుంచి రీల్ ఆగకూడదు. కొర్రమీను తల ఒక్కసారి కిందికి తిప్పి వేళ్లలోకి దూరిందంటే అరకిలో చేప ఐదు కిలోల చెత్తతో కలిసి బరువెక్కుతుంది. రాడ్ కింది రెండు వంతులు వంగకుండా నిలబడి ఆ తలను పైకే ఉంచితే, అది ఆకుల మీద జారుకుంటూ వచ్చేస్తుంది. ఆ నాలుగైదు క్షణాల కోసమే మీడియం హెవీ అంటున్నాను. మిగతా వేటంతా మీడియం రాడ్‌తో కూడా చేయొచ్చు.

కార్బన్, టన్నులు, మడత కర్రలు

ఫైబర్‌గ్లాస్ రాడ్ బరువు, వంపు నెమ్మది, కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చురుకు, కొన కదలిక చేతికి వెంటనే చెబుతుంది. కప్పకు కార్బన్ కావాలి, లేదా కార్బన్ ఎక్కువగా కలిసినదైనా ఉండాలి. రాడ్ మీద 24 టన్నులు, 30 టన్నులు అని రాసి ఉంటే అది ఎత్తే బరువు అనుకోకండి. కార్బన్ పీచు సాగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే కొలత అది. ఆ అంకె పెరిగే కొద్దీ కర్ర తేలికవుతుంది. సాధారణంగా గోడ పల్చనై, రాయికి తగిలిన చిన్న గీత దగ్గరే ఒకరోజు విరిగే అవకాశమూ పెరుగుతుంది. రాతి కట్టల మీద తిరిగే మనకు 24 చాలు.

ఐదారు ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరే మడత కర్రలు బస్సులో తీసుకెళ్లడానికి బాగుంటాయి, బెండు కట్టి వానపాముతో వేసే వేటకు పనికొస్తాయి. కప్పకు వద్దు. ప్రతి అతుకు దగ్గరా వంపు తెగిపోతుంది, గుంజిన బలం సాఫీగా పారదు.

ఈ రాడ్‌తో అన్నీ చేయొచ్చా అని అడుగుతారు. రేకు గిరగిరా తిరిగే స్పిన్నర్ ఎర, పెద్ద ఒంటి గాలం ఉన్న మెత్తటి రబ్బరు చేప బాగానే పనిచేస్తాయి. మూడు కొక్కేలు వేలాడే ప్లాస్టిక్ చేపలకు మాత్రం ఇది తగదు. వాటి సన్నటి కొక్కేలు గట్టి గుంజుడుకు చేప పెదవిని చీల్చుకుని బయటికొస్తాయి. వాటికి సగం దాకా వంగే మోడరేట్ రాడ్ కావాలి. కప్పతో చేపలు పోగొట్టే మెత్తదనమే అక్కడ చేపను నిలబెడుతుంది. ఇంట్లో మూలన పడి ఉన్న ఆ మొదటి మెత్తటి రాడ్‌ను పారేయకండి, దాని పని అదీ.

కొన్న రాడ్‌ను ఎప్పుడు తీయకూడదో కూడా చెప్పాలి. వానలు పడ్డాక నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే, కింద వాటి తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ కప్ప పడితే తప్పకుండా కొడతాయి, తినడానికి కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. ఆ చేపను పట్టుకెళ్తే ఆ పిల్లల గుంపు మిగతా చేపల పాలవుతుంది. నేను ఆ చోటు వదిలి వెళ్తాను, చూసినవాళ్లను కూడా వదిలేయమని బతిమాలతాను. మన చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల చేతిలో ఉంటాయి. వాళ్ల బతుకు ఆ నీళ్లలోనే ఉంది కాబట్టి ముందు వాళ్లను అడిగి, వాళ్లు వద్దన్న చోట వేయకూడదు.

బండి మీద తిరిగేవాళ్లకు రెండు ముక్కల రాడ్ సుఖం, ఒక్కో ముక్క మూడున్నర అడుగులే. అతుకు మంచిదైతే ఒంటి ముక్కకూ దానికీ తేడా చేతికి తెలియదు. విసిరి విసిరి అతుకు వదులవుతుంది, గంటకోసారి తిప్పి బిగించుకోవాలి. వదులుగా ఉండగా గుంజితే రెండోది లోపలికి దూరే ఆడ ముక్క అంచు చీలుతుంది.

చివరగా, ఇది నిజంగా భయపడాల్సిన విషయం. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువుల అంచున మోటార్ల కోసం లాగిన తీగలు కొన్నిచోట్ల చేతికి అందేంత కిందికి వేలాడుతుంటాయి. ఏడడుగుల రాడ్‌ను భుజం మీద నిలువుగా పెట్టుకుని నడిస్తే కొన పదడుగుల పైనే ఉంటుంది. తీగల దగ్గర విసరకండి. ఉరుములు మొదలైతే రాడ్ కింద పెట్టి కట్ట దిగండి. తీగల కింద నుంచి దాటక తప్పకపోతే, చాలా ముందే ఆగి రాడ్ రెండు ముక్కలూ విప్పి, నేలకు అడ్డంగా, నడుము కిందుగా పట్టుకుని దాటండి.